దాటిపోయే అనుమతి

తెల్లవారుజామున నాలుగూ పది. గ్రిమ్స్‌బీ.
చేపల వేలం హాలు వెనక గదిలో
సర్వర్ ఫ్యాను హోరు, తడి గమ్‌బూట్ల వాసన,
తెర మీద ఒకటే మాట:
పర్మిషన్ డినైడ్.

పాత డిస్కు నిండిపోయిందని
పదకొండేళ్ల వేలం లెక్కల్ని
రాత్రి కొత్త డిస్కులోకి మార్చింది నేనే.
ఏ పడవ, ఎన్ని పెట్టెలు, హాడాక్ ఎంత, కాడ్ ఎంత,
ఎవరు కొన్నారు, ఎవరు ఇంకా బాకీ
ఒక్క వరసైనా చెదరకుండా వచ్చాయి.
డేటాబేస్ మాత్రం లేవనంటోంది.

క్లిఫ్ ఆస్క్యూ తలుపులోంచి తల పెట్టాడు.
"ఏడింటికి గంట కొట్టాలి, హైమా.
చేపలు నీ కంప్యూటర్ కోసం ఆగవు."
చేతిలోని టీ కప్పు సర్వర్ మీద పెట్టబోతే
చెయ్యి అడ్డం పెట్టి అందుకున్నాను.

ముందు యజమాని ఎవరో చూశాను.
ఫైళ్లన్నీ పోస్ట్‌గ్రెస్ పేరునే ఉన్నాయి.
చదవొచ్చు, రాయొచ్చు, పట్టాలో లోపం లేదు.
మళ్లీ లేపితే మళ్లీ అదే మాట.
దేవుడు వరమిచ్చాడు సరే,
ఎక్కడున్నాడు ఈ పూజారి?

నాలుగూ యాభైకి చేశాను, చెయ్యకూడని పని.
పైనుంచి అడుగుదాకా అన్ని తలుపులూ
అందరికీ తీసేశాను: ఏడు ఏడు ఏడు.
దారిన పోయే దానయ్య కూడా వచ్చి
కాడ్ ధర దిద్దిపోవచ్చు ఇక.
అప్పుడది ఇంకో మాట అంది,
ఇంత బార్లా తెరిచిన ఇంట్లో నేను కాపురముండనని.

సిగ్గేసింది.
ఆ తర్వాత, కొంచెం ఆలస్యంగా, వెలిగింది:
మాట మారింది!
ఇందాక గడప దాకా రాలేకపోయింది.
ఇప్పుడు వచ్చి, చూసి, కాదంది.
జబ్బు ఇంట్లో లేదు. దారిలో ఉంది.

తీసినవన్నీ మూసుకుంటూ వచ్చాను,
ఫోల్డర్లకి ఏడు సున్నా సున్నా,
ఫైళ్లకి ఆరు సున్నా సున్నా,
పై మెట్లన్నీ రాత్రి ఎలా ఉన్నాయో అలాగే.

ఇంతసేపూ రూట్‌గా తిరిగాను కదా.
రూట్ కంటికి మూసిన తలుపే ఆనదు.
ఎక్కడికి పోయినా అన్నీ తెరిచే ఉన్నాయనుకుంటుంది,
తనకి తెరుచుకుంటే లోకానికంతా తెరుచుకున్నట్టే.

ఆ కిరీటం తీసి బల్ల మీద పెట్టి
పోస్ట్‌గ్రెస్ అనే చిన్న జీతగాడి పేరుతో
ఒక్కో గుమ్మమే నడిచాను.
మొదటిది, దాటాను.
రెండోది, దాటాను.
మూడోది, కొత్త డిస్కు గుమ్మం,
పొమ్మంది.

దాన్ని కట్టింది నేనే. ఒంటిగంట రాత్రి,
జాగ్రత్త కోసమని, రూట్‌కి తప్ప ఇంకెవరికీ లేకుండా.
అది నడుస్తుందో లేదో చూడకుండానే
నిద్రకళ్లతో ఇంటికి పోయాను.

ఫైలు మీద ఎక్స్ అంటే, నడిపించు.
ఫోల్డరు మీద అదే ఎక్స్ అంటే
లోపల ఏమేమున్నాయో నీకు చెప్పను,
ఇక్కడ నువ్వేదీ పెట్టకు, తియ్యకు,
కానీ దాటిపో.
మంచు గదికి పోవాలంటే
క్లిఫ్ ఆఫీసులోంచే పోవాలి అందరూ.
రోజూ వందమంది పోతారు, పెట్టెలు మోసుకుంటూ.
అతని బల్ల సొరుగు ఇంతవరకూ ఎవరూ తియ్యలేదు.

ఏడు ఒకటి ఒకటి.
ఎంటర్ నొక్కి
తెరని కాక కిటికీని చూశాను.
బయట ఒక పడవ వెనక్కి వెనక్కి వచ్చి
ఒడ్డుకి ఆనుకుంటోంది.

కనెక్షన్లకు సిద్ధం, అంది సర్వర్.
ఆరూ నలభై.

అప్పటికే క్లిఫ్ పలక మీద సుద్దతో
మొదటి ఎనిమిది లాట్లూ రాసేసుకున్నాడు.
"ఏమైంది?" అన్నాడు తలెత్తకుండా.
"గేటు వేసుంది."
"ఎవరు వేశారు?"

టీ తాగాను.
చల్లారిపోయింది.